‘లేదు’ వేరు, ‘తెలియదు’ వేరు – ప్రొస్టేట్ కేన్సర్ లెక్కలు

“మా ఊళ్లో ఆ రోగం లేదు” అని పెద్దలు అనడం మనం వింటూనే ఉంటాము. తెలుగు బోధించే వారము గనుక మేము ఈ వాక్యంలోని ‘లేదు’ అనే మాట వద్ద కొంత ఆగదలచినాము. ‘లేదు’ వేరు, ‘తెలియదు’ వేరు. ఈ రెంటినీ ఒకటిగా తలచడం వల్ల కలిగే నష్టమెట్టిదో ప్రొస్టేట్ కేన్సర్ లెక్కలను పరిశీలించినచో బోధపడుతుంది.

పురుషులలో మూత్రాశయం క్రింద అక్రోటుకాయంత పరిమాణంలో ఉండే గ్రంథి ప్రొస్టేట్. దీనినే పౌరుష గ్రంథి అంటారు. వయస్సు పైబడిన కొద్దీ పలువురిలో ఇది పెరుగుతుంది. పెరిగిన ప్రతి గ్రంథీ రాచపుండు కాదు. కొందరిలో మాత్రం కావచ్చును.

2020వ సంవత్సరపు అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 14 లక్షల మందికి ఈ కేన్సర్ క్రొత్తగా కనుగొనబడినది. 3 లక్షల 75 వేల మంది మరణించినారు. వయోభేదాన్ని సరిచేసి లెక్కించగా, ఉత్తర ఐరోపాలో లక్ష మంది పురుషులకు సుమారు 83 మందికి, మన దేశం చేరిన దక్షిణ మధ్య ఆసియాలో 6గురికి మాత్రమే ఈ వ్యాధి నమోదైనది. మరణాలలో మాత్రం ఇంతటి అంతరం లేదు.

ఈ భేదానికి వంశం ఒక కారణం. అమెరికాలోని నల్లజాతి పురుషులలో ఈ వ్యాధి తెల్లవారికంటె అధికం. జీవన విధానం మరొకటి. జపాను నుండి అమెరికాకు వలసపోయిన వారిలో, స్వదేశంలోని వారికంటె వ్యాధి రేటు పెరిగినది. మూడవది, అన్నిటికంటె గమనింపదగినది, వెదకుట. 1986లో అమెరికాలో పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్షకు అనుమతి లభించినది. ఆ పరీక్ష వ్యాపించగా 1992 నాటికి కేసుల సంఖ్య శిఖరానికి చేరి, పిదప తగ్గినది. రోగం ఒక్కసారిగా పుట్టుకొని రాలేదు, దాగియున్నది బయటపడినది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో అక్కడి మరణాల రేటు సుమారు సగానికి దిగినది. అయితే ఎన్నటికీ హాని చేయని నెమ్మది కేన్సర్లకు సైతం అనవసర చికిత్స జరిగినది. కనుకనే 55 నుండి 69 ఏండ్ల వారు వైద్యునితో చర్చించి పరీక్ష విషయం నిర్ణయించుకొనవలెనని 2018లో అక్కడి నిపుణులు సూచించినారు.

ఇక మన సంగతి. దేశంలో మొదటి కేన్సర్ నమోదు కేంద్రం 1963లో బొంబాయిలో ఏర్పడినది. హైదరాబాదు లెక్కలు 2014 నుండి లభిస్తున్నవి. 2020 జాతీయ నివేదికలో చేరినవి హైదరాబాదు జిల్లా లెక్కలే. చొప్పదండి రైతు హైదరాబాదులో చికిత్స పొందినా, నివాసం వేరు గనుక ఆ జనాభా లెక్కలో చేరడు. మన అంకె చిన్నదిగా కనబడటంలో ఈ లోపానికీ పాలున్నది. పైగా స్వాతంత్ర్యం నాటికి 32 ఏండ్ల ప్రాంతమున ఉండిన సగటు ఆయుర్దాయం నేడు 70కి చేరినది. యౌవనంలో దుబాయి, మస్కట్ వెళ్లి చెమటోడ్చిన మన జిల్లా తొలితరం వారు నేడు తాతలైనారు. ఈ వ్యాధి వచ్చే వయస్సు అదే.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంట దాదా గాని, తాత గాని రాత్రి పలుమార్లు లేస్తున్నారా? మూత్రధార సన్నగిల్లినదా? మూత్రంలో రక్తం కనబడినదా? నడుము ఎముకలు విడువక నొచ్చుచున్నవా? “ముసలితనం, అంతే” అని వారు సిగ్గుతో దాటవేయవచ్చును. మీరు దాటవేయకండి; వైద్యుని వద్దకు తోడు వెళ్లండి. కాలేజీ కమిటీ పెద్దలు ఏటా ఒకనాడు తల్లిదండ్రులను పిలిపించి, వైద్యునిచే ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను ఈ విషయం చెప్పించవలెనని మా మనవి. అప్పుడు ‘లేదు’ అనే మాటను మనం తెలిసి పలుకగలము.