అమెరికాలో వృద్ధులకు ఔషధ బీమా

మన కుటుంబములవారు పలువురు అమెరికాలో స్థిరపడిరి. కొందఱ తల్లిదండ్రులును అచ్చటనే యున్నారు. కావున ఆ దేశపు వృద్ధుల ఆరోగ్యబీమాయగు మెడికేరును గూర్చి తెలిసికొనుట మేలు. 65 ఏండ్లు నిండి, శాశ్వత నివాసానుమతితో 5 ఏండ్లు ఎడతెగక నివసించిన వలసవారును ప్రీమియము చెల్లించి ఇందు చేరవచ్చును.

ఇందు 'ఎ' భాగము ఆసుపత్రి వ్యయమునకు, 'బి' భాగము వైద్యుని రుసుమునకు ఉద్దేశింపబడినవి. ఇంటికి దెచ్చుకొను మందులు చాలవరకు వీనిలో చేరవు. వానికై 2006 నుండి 'డి' భాగము అమలులో నున్నది. దీనిని ప్రభుత్వ నియమములకు లోబడి ప్రైవేటు కంపెనీలు నడుపుచున్నవి.

"నేడు మందులు వాడుట లేదు గదా" యని ఉపేక్షింపరాదు. గడువు దాటిన పిదప, దీనికి సమానమగు వేఱొక బీమా లేకుండ వరుసగా 63 దినములు గడచినచో, బీమా లేని ప్రతి నెలకును మూల ప్రీమియములో నూటికి 1 వంతున అపరాధ రుసుము చేరును. 20 నెలలు ఆలసించినచో నూటికి 20. ఔషధ బీమా యున్నంతకాలము ఈ భారము తప్పదు. అదను దప్పిన విత్తనము వలెనే అదను దప్పిన బీమాయు నష్టకరము.

మఱియు ప్రతి పథకమునకును ఔషధముల జాబితా వేఱు; అది యేటేట మారవచ్చును. జాబితాలోని మందులకై రోగి చెల్లింపవలసినది, ప్రీమియము గాక, 2026లో 2,100 డాలర్లకు మించదు. జాబితాలో లేని మందునకు ఈ హద్దు వర్తింపదు. కావున ఏటేట అక్టోబరు 15 మొదలు డిసెంబరు 7 వఱకు గల గడువులో తమ మందులను జాబితాతో సరిచూచుకొని, వలసినచో పథకమును మార్చుకొనవలయును.

అచ్చటి పెద్దలకు క్షేమసమాచారము వ్రాయునపుడు ఈ రెండు తేదీలను తప్పక జ్ఞాపకము చేయుడు.