ఫోన్‌కి లెన్స్ ఫిల్టర్ కొనాలా? మల్లెల తీర్థంలో నేను నేర్చుకున్న పాఠం

మాది అమ్రాబాద్, జాబ్ హైదరాబాద్‌లో. వానాకాలం అయిపోగానే అమ్మని నల్లమలలోని మల్లెల తీర్థం తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లు దిగడం ఆమెకి మామూలు విషయం కాదు. కొత్తగా కొన్న ఎన్‌డీ ఫిల్టర్ ఫోన్‌కి క్లిప్ చేసి, జలపాతం ముందు అమ్మని నిలబెట్టి పది ఫొటోలు తీశా. ఇంటికొచ్చి చూస్తే నీళ్లు పట్టులా వచ్చాయి, అమ్మ మాత్రం పొగలా ఉంది. "నీళ్లు మంచిగనే వచ్చినయ్ గానీ, నా మొఖమేదిరా?" అంది.

తప్పు ఫిల్టర్‌ది కాదు, నాదే. మీరు అదే తప్పు చేయకుండా ఏ ఫిల్టర్ ఎక్కడ పనికొస్తుందో చూద్దాం.

ఎన్‌డీ ఫిల్టర్

ఇది లెన్స్‌కి పెట్టే నల్ల కళ్లద్దాల లాంటిది. వెలుతురు తగ్గిస్తుంది, అంతే. చాలా ఫోన్లలో అపర్చర్ మార్చలేం కాబట్టి, పగటిపూట షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే ఫొటో తెల్లగా అయిపోతుంది. ఎన్‌డీ8 పెడితే ఎనిమిదో వంతు వెలుతురే లోపలికి వెళ్తుంది. అంటే 1/30 సెకను సరిపోయే చోట సుమారు 1/4 సెకను పెట్టొచ్చు. ఎన్‌డీ64తో అదే దాదాపు 2 సెకన్లు. నేను చేసింది ఇదే. రెండు సెకన్లలో నీళ్లు ఎలా సాగుతాయో, కొంచెం కదిలిన మనిషి కూడా అలాగే చెదిరిపోతాడు.

దీనికి ట్రైపాడ్ తప్పనిసరి. కొన్ని ఫోన్లలో లాంగ్ ఎక్స్‌పోజర్ మోడ్ ఉంటుంది, చాలా ఫ్రేములు కలిపి ఇలాంటి ఎఫెక్టే ఇస్తుంది. కొనే ముందు అది ట్రై చేయండి.

సీపీఎల్ ఫిల్టర్

ఒక్కటే కొనాలంటే నేను దీన్నే చెప్తా. తడి బండలు, ఆకుల మీద పడే తెల్లటి మెరుపుని ఇది కోసేస్తుంది. ఆ మెరుపు కింద దాగిన ఆకుపచ్చని సెన్సర్ రికార్డే చేయలేదు కాబట్టి, తర్వాత ఎడిటింగ్‌లో తేవడం కష్టం.

స్క్రీన్ చూస్తూ రింగ్‌ని మెల్లగా తిప్పండి, మెరుపు తగ్గిన చోట ఆపండి. దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూపాయింట్ నుంచి కృష్ణ పైన ఆకాశం తీస్తుంటే, సూర్యుడు మీకు పక్కన ఉండేలా చూసుకోండి. ఎదురుగానో వెనకో ఉంటే ఆకాశంలో పెద్ద తేడా రాదు. అల్ట్రావైడ్‌లో వద్దు, ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వస్తుంది. సీపీఎల్ కూడా వెలుతురుని సగానికో, ఇంకా కిందికో తగ్గిస్తుంది. దట్టమైన నీడలో నాయిస్ పెరుగుతుంది.

యూవీ ఫిల్టర్ ఫోన్‌కి అనవసరం. డబ్బులు మిగుల్చుకోండి.

క్లిప్ చేశాక ఇవి చెక్ చేయండి

1. ఫిల్టర్ సరిగ్గా మెయిన్ లెన్స్ మీదే ఉందా? ఆటో మోడ్‌లో ఫోన్ చెప్పకుండా పక్క లెన్స్‌కి మారిపోవచ్చు. ప్రో మోడ్‌లో లెన్స్ ఫిక్స్ చేయండి.
2. నీటి తుంపర్లు పడ్డాయా? మెత్తటి గుడ్డ జేబులో ఉండాలి.
3. తీసిన ఫొటోని అక్కడే జూమ్ చేసి, ముఖాలు చూడండి. నేను చేయనిది ఇదే.

అన్నిటికన్నా ముందు, మనవాళ్ల ఫొటోలు ఫిల్టర్ లేకుండా తీసేయండి. నీళ్ల సంగతి తర్వాత. జలపాతం వచ్చే ఏడు కూడా పారుతుంది. అమ్మ మళ్లీ ఆ మెట్లు దిగుతుందో లేదో నాకు తెలీదు.