సొరుగుగది: చోటు చాలని ఇండ్లకు ఒక పాఠము

చోటు చాలని ఇంటిలో సంసారము సాగించుట ముంబయి తెలుగువారికి క్రొత్త విద్య కాదు. పద్దెనిమిదవ శతాబ్దాంతము నుండి నైజాము రాజ్యప్రాంతములను విడిచి ఈ నగరమునకు వచ్చి, రాళ్లు మోసి, గోడలు లేపిన కామాఠీల పేరనే కామాఠిపుర వెలసినది. పరులకు మేడలు కట్టిన ఆ చేతులకు మిగిలినది ఒంటిగది. 1920వ దశకమున ప్రభుత్వము కట్టించిన బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క గది వైశాల్యము 160 చదరపు అడుగులు. వంట, పడక, పిల్లల చదువు అన్నియు అందులోనే. కనుకనే అటక వేయుట (మహారాష్ట్రులు దీనిని పోట్‌మాళా అందురు), గ్యాలరీని మూసి గదిలో కలుపుకొనుట మన పేటలలో పరిపాటి యైనది.

ఇట్లు చోటు పెంచుకొనుటలో ఒక శాస్త్రమున్నది. ఆ శాస్త్రము ఇంటి గోడలలో దాగియుండును. బస్సులో స్పష్టముగా కనబడును. అందుచేత ముందు బస్సును చూచి, పిదప మన చాళ్లకు వత్తము.

బస్సు ఇల్లగుట

వాహనమునే ఇల్లుగా చేసికొనుట తెలుగువారు చూచినదే. 1982-83లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వాహనమును మార్పించి, చైతన్యరథమని పేరిడి, అందులోనే భుజించుచు, విశ్రమించుచు రాష్ట్రమంతయు పర్యటించిరి. అమెరికాలో పలువురు పాత ప్రయాణపు బస్సులను కొని, ఆసనములు తీసివేసి, వంటగది, పడకగది అమర్చుకొందురు.

మన దేశపు నిబంధనల ప్రకారము బస్సు వెడల్పు 2.6 మీటర్లకు మించరాదు. 12 మీటర్ల పొడవుగల బస్సు వైశాల్యము వెలుపలి కొలతకు 31.2 చదరపు మీటర్లు, అనగా సుమారు 335 చదరపు అడుగులు. ఇది బి.డి.డి. గదికి రెండింతలు! అయినను అందున్నవారికి చోటు చాలదు. వెడల్పు పెంచుటకు చట్టము ఒప్పదు. అందుచేత ఒక ఉపాయము పుట్టినది. బస్సు ప్రక్కగోడను కొంతమేర కోసి, అందులో పెట్టెవంటి గది నమర్తురు. బస్సు నడచునపుడు అది లోపల ముడుచుకొని యుండును. నిలిచినపుడు బల్లసొరుగువలె రెండు మూడడుగులు వెలుపలికి జరుగును. దీనిని మనము సొరుగుగది యందుము. పది అడుగుల పొడవుగల గది రెండున్నర అడుగులు జరిగిన 25 చదరపు అడుగుల చోటు లభించును.

గోడ కోసినవాని బాధ్యత

బస్సు ప్రక్కగోడ ఎండవానలకు అడ్డము మాత్రమే కాదు. అందలి నిలువు కమ్ములు, ఏటవాలు కమ్ములు, వానికి బిగించిన రేకు కలిసి వంతెనవలె బరువును మోయుచుండును. పది అడుగుల రంధ్రము చేసినచో ఆ వంతెన నడుమ తెగినట్లే. పైకప్పు బరువు దిగుటకు త్రోవ యుండదు. కనుక తెలిసిన పనివాడు కోయుటకు ముందే బస్సును సమముగా నిలిపి, క్రింద ఆనికలు పెట్టును. రంధ్రమునకు పైన బలమైన దూలము, ఇరుప్రక్కల గట్టి స్తంభములు, క్రింద అడ్డదూలము అమర్చి, వానిని నేలక్రింది కమ్ములతో కలిపి అతుకును. తీసివేసిన బలమును వేరొక త్రోవన తిరిగి ఈయవలెను. ఇదియే మొదటి ధర్మము.

రెండవది నీటి భయము. గది చుట్టును మెత్తని రబ్బరు అంచులుండవలెను. లేనిచో వాన లోనికి దిగి ఇనుము త్రుప్పుపట్టును, చెక్క కుళ్లును. మూడవది అనుమతి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, వాహనము తయారైన తీరును యజమాని తనంతట తాను మార్పరాదు.

తూకపు లెక్క

పలుగుతో బండను లేపినవారందరు ఈ సూత్రము నెరుగుదురు. సొరుగుగది బరువు 300 కిలోలనుకొందము. అది 30 అంగుళములు వెలుపలికి వచ్చినది. దాని బరువు మధ్యన, అనగా గోడకు 15 అంగుళముల ఆవల, పనిచేయును. గదిని మోయు కమ్ముల లోపలికొన గోడకు 45 అంగుళముల ఈవల బిగింపబడినది. బస్సు గోడ అంచే ఆధారబిందువు.

300 × 15 ÷ 45 = 100. లోపలికొనను 100 కిలోల బలముతో క్రిందికి పట్టియుంచవలెను. గోడ అంచుపై పడు బరువు 300 కాదు, 300 + 100 = 400 కిలోలు.

ఇపుడు 60 కిలోల మనుష్యులు మువ్వురు గోడకు 20 అంగుళముల ఆవల కూర్చుండిరి. 180 × 20 ÷ 45 = 80. లోపలికొన పట్టవలసినది 180 కిలోలు; గోడ అంచు మోయునది 300 + 180 + 180 = 660 కిలోలు. గది, మనుష్యులు కలిసి 480 కిలోలే. అయినను ఆధారముపై 660 పడినది. వెలుపలికి చాచిన ప్రతి అంగుళమునకు లోపల మూల్యము చెల్లించవలెను.

మన గ్యాలరీలు

పాత చాళ్లలో గ్యాలరీయు నిట్టిదే. అనేక భవనములందు గది నేలను మోయు టేకు దూలములే గోడదాటి వెలుపలికి సాగి గ్యాలరీని మోయుచున్నవి. అది నడచుటకు కట్టినది. దానిని మూసి వంటగదిగా చేసి, అంచున 200 లీటర్ల నీటి పీపా నుంచినచో, నీరే 200 కిలోలు. పైలెక్కలోని మువ్వురు మనుష్యులకన్న అధికము. వారు లేచిపోవుదురు, పీపా రాత్రింబవళ్లు అచటనే యుండును. తడి గోడలో దూలపుకొన కుళ్లిన సంగతి పైకి కనబడదు. అటకకై దూలములు దూర్చునపుడు, తలుపు వెడల్పు చేయునపుడు గోడను తొలుచుటయు నంత ప్రమాదమే.

2017 జూలై 25న ఘాట్కోపరులో నాలుగంతస్తుల భవనము కూలి 17 మంది మరణించిరి. క్రింది అంతస్తులో మార్పులు చేయుచు స్తంభములను దెబ్బతీసిరని నివాసులు ఆరోపించిరి. ఒకరి ఇంటి విస్తరణము పైవారందరి ప్రాణములతో ముడిపడియున్నది.

కనుక ఆధారమును కదల్చు ఏ పనికైనను ముందు ఇంజనీరును పిలిచి చూపించవలెను. సెస్సు చెల్లించు పాత భవనములవారు మ్హాడా మరమ్మతుల మండలికి తెలుపవలెను. ఆ మండలి ఏటేట వర్షములకు ముందు ప్రమాదకర భవనముల జాబితా ప్రకటించును. దానిలో మన భవనము పేరున్నదేమో చూచుకొనుట గృహస్థుని విధి.

ఇంటివద్ద చేయదగిన ప్రయోగము

పిల్లలకు ఈ పాఠమును తెలుగులోనే చెప్పవచ్చును. 30 సెంటీమీటర్ల కొలబద్దను బల్ల అంచుకు 20 సెంటీమీటర్లు వెలుపలికి జరుపుడు, అది పడిపోవును. లోపలికొనపై నాణెము లుంచుచు పోయిన, వాని బరువు బద్ద బరువులో సగమునకు చేరినపుడు బద్ద నిలుచును. ఎందుచేతనో పిల్లలనే లెక్కకట్టుమనుడు. పిదప వారిని గ్యాలరీకి కొనిపోయి, దేనిని లోపలికి జరుపవలెనో అడుగుడు.

మన పెద్దలు అక్షరములు రాకున్నను చేతితోడనే ఈ విద్య నెరిగి నగరమును నిలిపిరి. వారి మనుమలు దానిని లెక్కతోడను ఎరిగినచో, చోటు కొరవడినను ఆ గదిలో నిర్భయముగా నిద్రింపగలరు. నేటి సాయంకాలమే పీపాను గోడవైపునకు జరిపి పాఠము ప్రారంభింపుడు.