కోరిక తగ్గితే మూలికలు పనిచేస్తాయా? అశ్వగంధకీ గోధుమపిండికీ జరిగిన పోటీ

సూరత్‌లో తాపీ నది దాటి ఉత్తరానికి వెళ్తే అమ్రోలి వస్తుంది. మరమగ్గాల పేట. షెడ్లలో పని సాధారణంగా పన్నెండు గంటల షిఫ్టు, కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. అమ్రోలి వైపు ఒడిశా గంజాం నుంచి వచ్చిన కార్మికులు ఎక్కువ. నగరంలో మరోవైపు, లింబాయత్ ప్రాంతంలో, తెలంగాణ నుంచి తరాల క్రితమే వచ్చి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

ఇలాంటి కార్మిక పేటలు దేశంలో ఎక్కడున్నా అక్కడ ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. రోడ్డు పక్కన గుడారం, సీసాల్లో వేర్లు, గడ్డలు, బంకలు. గోడల మీద "నరాల బలహీనత", "గుప్త రోగాలు", "పూర్వపు శక్తి" అనే రాతలు. అలసిపోయి, ఇంటికి దూరంగా ఉండి, ఎవరితోనూ చెప్పుకోలేని మనిషికి ఆ గుడారం ఆసుపత్రి కన్నా దగ్గరగా అనిపిస్తుంది. అక్కడ అమ్మే మూలికల్లో నిజంగా ఏముంది? "అంతా మోసం" అనడం తేలిక, "మన పూర్వీకులకు అన్నీ తెలుసు" అనడం ఇంకా తేలిక. వాస్తవం ఈ రెండిటికీ కాస్త ఎడంగా ఉంది.

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. వ్యవహారంలో మనం "సెక్స్ సమస్య" అని ఒకే మాట వాడతాం. వైద్యంలో అవి వేర్వేరు విషయాలు. కోరిక పుట్టడం ఒకటి, అంగస్తంభన మరొకటి, శీఘ్రస్కలనం ఇంకొకటి. స్తంభన ప్రధానంగా రక్తప్రసరణకు సంబంధించినది. నరాల చివర్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తనాళాల గోడలను సడలిస్తుంది, రక్తం నిండుతుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా, ఆ సడలింపు త్వరగా ముగియకుండా చూస్తుంది. కోరికను అది పుట్టించదు. కోరిక మెదడు పని. డోపమిన్ దాన్ని ఎగదోస్తుంది. ప్రొలాక్టిన్ పెరిగితే అది అణుగుతుంది. టెస్టోస్టిరాన్ ఒక కనీస స్థాయిలో ఉండాలి. స్త్రీలలోనూ ఈ హార్మోన్ కొద్ది మోతాదులో ఉంటుంది. ఇక నిద్ర, దిగులు, అప్పులు, దంపతుల మధ్య మాటల్లేకపోవడం, ఇవన్నీ అదే మెదడులోకి వచ్చి చేరతాయి. అందుకే ఎవరైనా ఒకే చూర్ణం ఈ మూడు సమస్యలకూ పనిచేస్తుందని చెబితే అక్కడే అనుమానించాలి.

మన సంప్రదాయం ఈ విషయాన్ని ఎప్పుడూ దాచలేదు. ఆయుర్వేదానికి ఉన్న ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. చరక సంహిత చికిత్సా స్థానంలో రెండో అధ్యాయం మొత్తం దానికే కేటాయించారు. పాలు, నెయ్యి, మినుములు, రకరకాల గడ్డలతో చేసే యోగాలు అందులో ఎన్నో ఉన్నాయి. అదే అధ్యాయం ఆరంభంలో, మనసుకు నచ్చిన భార్యే అన్నిటికన్నా మేటి వాజీకరణమని కూడా ఉంది. గోడమీది ప్రకటనల వాళ్లు ఆ భాగం చదివినట్టు లేరు.

ఇప్పుడు అశ్వగంధ దగ్గరకు వద్దాం. తెలుగులో పెన్నేరు అనీ అంటారు. సూరత్ ఉన్న గుజరాత్‌లోనే, జామ్‌నగర్‌లోని ఆయుర్వేద విశ్వవిద్యాలయంలో ప్రసాద్ మామిడి, అనుప్ థాకర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. శరీరంలో లోపం లేకుండా మానసిక కారణాల వల్ల స్తంభన సమస్య వచ్చిన 95 మందిని ఎంచుకున్నారు. కొందరికి అశ్వగంధ వేరు చూర్ణం, మిగతావారికి గోధుమపిండి ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగులకు తెలియదు. 60 రోజులు వాడారు. చివరిదాకా నిలిచినవారు 86 మంది.

అశ్వగంధ తీసుకున్న 41 మందిలో సగటున 12.6 శాతం మెరుగుదల కనిపించింది. గోధుమపిండి తిన్న 45 మందిలో 19.11 శాతం.

గోధుమపిండి గెలిచిందని ఎగతాళి చేయాల్సిన పని లేదు. గణాంకాల లెక్కలో ఆ రెండు అంకెల మధ్య తేడా చెప్పుకోదగ్గది కాదు, రెండూ సమానమే అనుకోవాలి. గమనించాల్సిన సంగతి వేరే ఉంది: పిండి తిన్నవాళ్లు నిజంగానే మెరుగుపడ్డారు. ఎవరో శ్రద్ధగా విన్నారు, మందు ఇచ్చారు, రెండు నెలలు పట్టించుకున్నారు. ఆందోళన తగ్గింది. పైగా ఇలాంటి సమస్యలు ఎప్పుడూ ఒకే తీవ్రతతో ఉండవు. బాగా ఇబ్బందిగా ఉన్నప్పుడే మనిషి వైద్యుడి దగ్గరకు వెళ్తాడు, ఆ తర్వాత ఏమీ చేయకపోయినా కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మొదట నేర్పేది ఇదే కదా: ఖాళీ పళ్లెం బరువు తీసెయ్యకుండా వస్తువు బరువు చెప్పకూడదు. "మా మందు వాడిన పదిమందిలో ఎనిమిది మందికి తగ్గింది" అనే ప్రకటన, పళ్లెంతో కలిపి తూచిన బరువు లాంటిది. ఒక ఆయుర్వేద సంస్థ తమ మూలికకు తామే ఇలాంటి పరీక్ష పెట్టి, అనుకూలంగా రాని ఫలితాన్ని దాచకుండా ప్రచురించింది. ఆ మూలిక గురించి వచ్చిన ఎన్నో ఉత్సాహపు వ్యాసాల కన్నా నాకు ఇదే ఎక్కువ గౌరవం కలిగించింది.

మహా శాస్త్రవేత్తలకూ ఈ బుట్టలో పడే వరం ఉంది. 1889లో ప్యారిస్‌లో 72 ఏళ్ల బ్రౌన్-సెకార్ అనే సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త, కుక్కల, గినీపందుల వృషణాల నుంచి తీసిన ద్రవాన్ని తనకు తానే ఎక్కించుకుని, యవ్వనం తిరిగొచ్చిందని సభలో ప్రకటించాడు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే ఆ ద్రవాన్ని తయారుచేసి కొలిచారు. అందులో పనిచేసేంత టెస్టోస్టిరాన్ లేనే లేదు.

అయితే జామ్‌నగర్ పరీక్ష కొలిచింది స్తంభనను. కోరిక సంగతి? 2015లో ప్రచురితమైన ఒక భారతీయ పరీక్షలో 50 మంది స్త్రీలు పాల్గొన్నారు. కొందరు అశ్వగంధ వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల చొప్పున 8 వారాలు వాడారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికన్నా వీరి లైంగిక ఆరోగ్య స్కోరు మెరుగ్గా ఉంది. ఒత్తిడి తగ్గడం వల్ల కావచ్చు. మంచి సూచనే, కానీ 50 మందితో జరిగినది. ఇంకా పెద్ద పరీక్షలు జరిగితే గాని గట్టిగా చెప్పలేం.

వంటింట్లోని మెంతులదీ దాదాపు ఇదే కథ. 2011లో ఆస్ట్రేలియాలో 60 మంది మగవాళ్లతో 6 వారాలు జరిపిన పరీక్షలో, రోజుకు 600 మిల్లీగ్రాముల మెంతి సారం వాడినవారు కోరిక పెరిగిందని చెప్పారు. రక్తంలో టెస్టోస్టిరాన్ మాత్రం మామూలు హద్దుల్లోనే ఉంది. ఆ మాత్రల్లో జింకు, మెగ్నీషియం, బి6 విటమిన్ కూడా కలిపి ఉన్నాయి, కాబట్టి ఘనత మొత్తం మెంతులకే కట్టబెట్టలేం. పెరూ కొండల్లో పండే మకా అనే ముల్లంగి జాతి గడ్డ మీద 2002లో వచ్చిన అధ్యయనమూ ఇదే చూపింది: 8 వారాల తర్వాత కోరిక పెరిగింది, హార్మోన్ మారలేదు. అంటే ఇవి నిజంగా పనిచేస్తున్నా, "టెస్టోస్టిరాన్ బూస్టర్" అని సీసా మీద వేసే దారిలో కాదు.

పల్లేరు కాయల విషయంలో సందేహం తక్కువ. కాలికి గుచ్చుకునే ఆ ముళ్ల కాయలే గోక్షురం పేరుతో జిమ్‌ల చుట్టూ ఖరీదైన డబ్బాల్లో తిరుగుతున్నాయి. బల్గేరియాలో 21 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నాలుగు వారాలు ఇచ్చి చూస్తే టెస్టోస్టిరాన్‌లో మార్పేమీ రాలేదని 2005లో తేలింది. సూరత్‌కు దగ్గరలోని డాంగ్స్ అడవుల్లో దొరికే సఫేద్ ముస్లీకి ఉన్న పేరు పెద్దది. ముంబయి శివారు బోరివలి పేరే దాని శాస్త్రీయ నామంలో చేరింది. కానీ దాని గురించి ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం ఎలుకలవే. ఆ పేరు కోసం తవ్వీ తవ్వీ అడవిలో గడ్డ అరుదైపోవడం మాత్రం నిజం. దూలగొండి గింజల కథ వేరు. వాటిలో ఎల్-డోపా అనే పదార్థం సహజంగానే ఉంది. పార్కిన్సన్స్ జబ్బుకు వైద్యులు ఇచ్చేదీ అదే, మెదడులో డోపమిన్‌గా మారేదీ అదే. కాబట్టి మెదడు మీద ప్రభావం ఉండడంలో ఆశ్చర్యం లేదు. అందుకే సొంతంగా గుప్పెళ్లతో తినేది కూడా కాదు: వాంతులు, రక్తపోటు పడిపోవడం, మానసిక వ్యాధుల మందులతో ఘర్షణ, అన్నీ సాధ్యమే.

"మూలికే కదా, చెడు చేయదు" అనే మాటను ఇక్కడ ఆపి చూడాలి. అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. థైరాయిడ్ హార్మోన్‌ను అది పెంచగలదు. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. గర్భిణులు దూరంగా ఉండాలి. మెంతి సారం మధుమేహం మందులతో కలిసి చక్కెరను మరీ తగ్గించవచ్చు.

అసలు ప్రమాదం మూలికలో కన్నా, మూలిక పేరుతో పొట్లంలో కలిపేదానిలో ఉంది. అరగంటలో "పనిచేసే" చూర్ణాన్ని ఏ చెట్టూ కాయదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2007 నుంచి 2016 వరకు కల్తీగా గుర్తించిన 776 సప్లిమెంట్లను విశ్లేషించిన అధ్యయనం 2018లో వచ్చింది. వాటిలో 353 లైంగిక శక్తి పేరుతో అమ్మినవే. వాటిలోనూ దాదాపు సగంలో దొరికింది సిల్డెనాఫిల్. పెట్టె మీద ఆకు బొమ్మ, లోపల మోతాదు తెలియని అల్లోపతి మందు. గుండెజబ్బుకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవారికి ఇది ప్రాణాంతకం. రెండూ రక్తనాళాలను ఒకేసారి సడలిస్తే రక్తపోటు ఒక్కసారిగా కుప్పకూలుతుంది.

చట్టం లేకపోలేదు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టమే నిషేధించింది. గోడలు మాత్రం ఆ చట్టం చదవలేదు.

ఇక మగ్గాల షెడ్డుకు తిరిగి వద్దాం. చికాగోలో పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారంపాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిచ్చారు. పగటిపూట వారి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. 2011లో వచ్చిన ఫలితం ఇది. ఇదీ చిన్న పరీక్షే, కానీ కారణం స్పష్టం: ఆ హార్మోన్ నిద్రలోనే పెరుగుతుంది. రాత్రంతా మగ్గం మోతలో నిలబడి, పగలు ఇరుకు గదిలో వంతులవారీగా పడుకునే మనిషికి ఏ గడ్డ తినిపించినా ఆ లోటు పూడుతుందా? ఊళ్లో భార్య, ఇక్కడ తాను, మధ్యలో ఏడాదికోసారి సెలవు. ఈ కోరిక లేమిని జబ్బు అనడానికే నాకు మనసొప్పదు.

కొందరిలో ఉన్నది భయమే. వీర్యం పోతే బలం పోతుందన్న నమ్మకంతో వచ్చే నీరసాన్ని, ఆందోళనను మన మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే ధాత్ సిండ్రోమ్ అని పేరుపెట్టి గుర్తించారు. తెలుగులో డాక్టర్ జి. సమరం దశాబ్దాలపాటు పత్రికల్లో జవాబిచ్చిన ఉత్తరాల్లో ఎన్నో ఈ భయం చుట్టూ తిరిగినవే. దీనికి మందు వివరణే.

మరికొందరిలో మాత్రం కోరిక తగ్గడం లోపలి జబ్బుకు మొదటి సూచన. మధుమేహం, థైరాయిడ్ లోపం, రక్తహీనత, డిప్రెషన్, అధిక ప్రొలాక్టిన్, మద్యం. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులే కోరికను అణచవచ్చు. అప్పుడు మందు మార్చడమో మోతాదు సరిచేయడమో వైద్యుడు చేస్తారు, సొంతంగా ఆపకూడదు. ఈ సందర్భంలో కుంకుమపువ్వును ఇరాన్‌లో చిన్న పరీక్షల్లో చూశారు. రోజుకు 30 మిల్లీగ్రాములతో స్త్రీలలో కొన్ని ఇబ్బందులు తగ్గాయి గాని కోరికలో తేడా రాలేదు. స్త్రీలకైతే కాన్పు తర్వాతి అలసట, ముట్లుడిగిన తర్వాతి పొడిదనం, నొప్పి కూడా ఈ జాబితాలో చేరతాయి. వాటి గురించి వాళ్లను అడిగేవారే ఉండరు, గుడారం కూడా మగవాళ్ల కోసమే.

కాబట్టి మూడు నెలలకు పైగా ఈ ఇబ్బంది వేధిస్తుంటే, పొట్లానికి పెట్టే డబ్బులో కొంతతో చక్కెర, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవచ్చు. టెస్టోస్టిరాన్ పరీక్ష అవసరమైతే ఉదయం పరగడుపున చేయాలి, తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి. రాత్రి షిఫ్టు దిగి నిద్రలేకుండా నేరుగా ల్యాబుకు వెళ్లి ఇచ్చిన రక్తం తప్పుదారి పట్టించవచ్చు. షిఫ్టు సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

ఇప్పటికే ఏదో చూర్ణం వాడుతున్నవారు దాని కవరు పారేయకుండా ఉంచుకోవాలి. ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రికి వెళ్తే, సిగ్గుపడకుండా మొదట చెప్పాల్సింది దాని గురించే. అందులో సిల్డెనాఫిల్ కలిసి ఉంటే 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు దాటేదాకా నైట్రేట్ ఇవ్వకూడదు. ఆ సంగతి రోగి చెబితే తప్ప డ్యూటీ డాక్టరుకు తెలిసే దారి లేదు.