ఒక వారము, ఒకే పాఠము
(ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు తెలుగు చదువు, భాష, చరిత్ర)



ఏడవ తరగతి చదువుచున్న మన హోసూరు బాలుడొకడు వేసవి సెలవులకు మదనపల్లె దగ్గర ఉన్న సొంత ఊరికి వెళ్లాడు. అవ్వకు చూపు తగ్గింది. ఆమె పెట్టెలో నుండి తాత వ్రాసిన పాత ఉత్తరము తీసి, "ఒకసారి చదివి వినిపించు నాయనా" అని అడిగింది. వాడు కాగితము అటూ ఇటూ తిప్పి, "అవ్వా, నాకు మాట్లాడేది వచ్చు గాని చదివేది రాదు" అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. ఉత్తరము మడిచి మరల పెట్టెలో పెట్టుకొన్నది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. సిప్‌కాట్ కంపెనీలలో పనికని, వ్యాపారమునకని వచ్చి హోసూరులోను, కృష్ణగిరిలోను స్థిరపడిన మన కుటుంబములలో చాలామంది పిల్లల స్థితి ఇదే. తప్పు పిల్లలది కాదు. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము ఒకటవ తరగతి నుండి తమిళము తప్పనిసరి అయినది. ఏటికొక తరగతి చొప్పున పెరిగి 2015-16లో అది పదవ తరగతికి చేరినది. తమిళము, ఇంగ్లీషు తరువాత మాతృభాషను ఐచ్ఛికముగా చదువుకొనుటకు ఆ చట్టములో చోటున్నది గాని, బడిలో తెలుగు చెప్పేవారు లేనిచోట ఆ భారము ఇంటి మీదనే పడుచున్నది. తమిళము మన పిల్లలకు అన్నము పెట్టే భాష. దానిని బాగుగా నేర్వవలసినదే. అయితే దాని ప్రక్కన తెలుగునకు రోజుకు 40 నిమిషములు దొరకవా అన్నదే మన ప్రశ్న.

చాలామంది శనివారము మూడు గంటలు కూర్చోబెట్టి గుణింతములు వల్లె వేయించుచున్నారు. పిల్లలు విసుగు చెంది మానివేయుచున్నారు. దీనికి బదులు రోజుకు 40 నిమిషములు, వారమంతా ఒకే పాఠము పెట్టుకొని చూడండి. చదువునకు ఒక పుస్తకము, వ్యాకరణమునకు ఇంకొకటి, చరిత్రకు మరొకటి వద్దు. ఒకే చిన్న పాఠములో మూడూ ఉండవలెను. ఆ పాఠము పిల్లవాడు నివసించే నేలను గూర్చినదైతే మరీ మంచిది. మాదిరికి ఒక వారమును క్రింద ఇచ్చుచున్నాము.

ఈ వారపు పాఠము: మన్రో నడిచిన దారి

"కృష్ణగిరి చుట్టుపక్కల సీమను పూర్వము బారామహల్ అనేవారు. అది మైసూరు పాలకుడు టిప్పు సుల్తాను ఏలుబడిలో ఉండేది. 1792లో శ్రీరంగపట్నము సంధి ప్రకారము అది ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. శిస్తు నిర్ణయించుటకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వచ్చాడు. అతని సహాయకులలో ఒకడు థామస్ మన్రో. అతడు 1799 వరకు ఈ సీమలో పని చేశాడు. మధ్యవర్తి లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు మాట్లాడుకొనే పద్ధతి ఇక్కడ రూపు దిద్దుకొన్నది. దానినే రైత్వారీ అంటారు. 1800లో మన్రో కడప, బళ్లారి వైపు దత్తమండలములకు కలెక్టరుగా వెళ్లి 1807 వరకు ఉన్నాడు. అందులో ఎక్కువ భాగమునే తరువాత రాయలసీమ అన్నారు. 1820లో అతడు మద్రాసు గవర్నరు అయ్యాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు."

పన్నెండు వాక్యములే. మన పిల్లలు ఇప్పుడున్న కృష్ణగిరికి, వారి అవ్వతాతల రాయలసీమకు నడుమ ఒక దారి ఉన్నదని ఈ పాఠము చూపించును.

సోమవారము: చదువుట

ముందు మీరు ఒకసారి నిదానముగా చదవండి. పిల్లలు వ్రేలు పెట్టి అనుసరించవలెను. రెండవసారి అందరూ కలిసి, మూడవసారి ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యము చదవవలెను. తప్పు చదివితే మధ్యలో ఆపవద్దు. వాక్యము ముగిసిన తరువాత ఆ మాటను మీరు సరిగా పలకండి. చివరి పది నిమిషములలో మూడు ప్రశ్నలు అడగండి: ఎవరు వచ్చారు? ఎందుకు వచ్చారు? ఎక్కడికి వెళ్లారు?

మంగళవారము: అక్షరములు

తమిళ లిపిలో త, థ, ద, ధ అనే నాలుగింటికీ ఒకే అక్షరము. క, ఖ, గ, ఘ లకూ అంతే. మాటలో దాని చోటును బట్టి చాలా మట్టుకు పలుకు మారుతుంది. ముందు తమిళము వ్రాయ నేర్చిన పిల్లవాడు తెలుగులో తకు ద, గకు క వ్రాసుట ఇందువలననే. అది సోమరితనము కాదు. ఆ కారణము వానికి చెప్పిన తరువాతనే తప్పు దిద్దండి.

మన పాఠములో ఆ నాలుగు అక్షరములూ ఉన్నవి: రైతు, థామస్, దారి, మధ్యవర్తి. వీటిని పలకమీద వ్రాయించి, నోటి ముందు అరచేయి పెట్టుకొని పలకమనండి. థ పలికినప్పుడు గాలి తగులును, త పలికినప్పుడు అంతగా తగలదు. తరువాత పద్ధతి, దత్తమండలము, సంధి, శిస్తు అనే మాటలు చెప్పి వ్రాయించండి. ఎనిమిది మాటలు చాలును.

బుధవారము: మాటలు

శిస్తు కట్టిన రైతు పొలములో ఏమి పండించేవాడు? ఈ సీమలో అందరికీ తెలిసిన పంట రాగి. దానితోనే మొదలు పెట్టండి. రాయలసీమలోను, కన్నడములోను రాగి. ఉత్తరాంధ్రలో చోళ్లు. తెలంగాణలో తైదలు. తమిళములో కేళ్వరగు. తరగతిలో వేరు వేరు జిల్లాలవారుంటే ఒక్కొక్కరి ఇంటి మాట అడిగి వ్రాయండి. "మా మాట సరియైనది, మీది తప్పు" అనే మాట రానివ్వవద్దు.

ఆ తరువాత రెండు భాషలలో కలిసే మాటలు: కన్ను, పాలు, ఊరు, కాలు, ఇల్లు. చివరకు మోసము చేసే మాటలు. తెలుగులో అవసరము అంటే కావలసినది, తమిళములో అదే మాటకు తొందర అని అర్థము. తెలుగులో పసి అంటే లేత వయస్సు, తమిళములో ఆకలి. "నేను అవసరంగా పోవాలి" అని మన పిల్లవాడంటే ఊరిలో వారికి అర్థము కాదు. ఇటువంటి మాటలు ఇంకా వెదకి తెమ్మని పిల్లలకే పని ఇవ్వండి. ఎంతో ఉత్సాహముగా తెచ్చెదరు.

గురువారము: తారీఖుల తాడు

పన్నెండు అడుగుల తాడు గదికి అడ్డముగా కట్టండి. ఒక అడుగుకు 20 ఏండ్లు. ఒక కొన 1780, మరొక కొన 2020. ఈ క్రింది సంవత్సరములను చీటీలమీద వ్రాయించి, కొలిచి, క్లిప్పులతో తగిలించండి.

1792: కృష్ణగిరి సీమ కంపెనీ క్రిందికి వచ్చినది.
1799: టిప్పు సుల్తాను మరణము తరువాత హోసూరు సీమ వచ్చినది.
1876-78: దక్షిణ దేశమందు మహా కరువు.
1953 అక్టోబరు 1: ఆంధ్ర రాష్ట్రము.
1956 నవంబరు 1: ఆంధ్రప్రదేశ్.
1960 ఏప్రిల్ 1: సరిహద్దు సవరణ. తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు, చెంగల్పట్టు, సేలము జిల్లాల గ్రామములు కొన్ని ఆంధ్రకు.
1965 అక్టోబరు 2: సేలము నుండి ధర్మపురి జిల్లా.
2004 ఫిబ్రవరి 9: ధర్మపురి నుండి కృష్ణగిరి జిల్లా.

1953 నుండి 1965 వరకు నాలుగు చీటీలు ఏడు అంగుళములలో ఇరుక్కొనును. "ఎందుకు ఇంత దగ్గరగా ఉన్నవి?" అని అడగండి. భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడిన కాలము అదేనని, గీత ఎక్కడ గీసినా రెండు వైపులా రెండు భాషలవారూ మిగిలిపోయారని అప్పుడు చెప్పండి. హోసూరు పల్లెలలో తరతరములుగా తెలుగు మాట్లాడేవారు ఎందుకున్నారో పిల్లలకు అర్థమగును. వారు మనవలె వలస వచ్చినవారు కారు.

ఎనిమిదవ తరగతి వారికి ఇంకొక ప్రశ్న: శిస్తు ఎక్కువగా ఉన్నదని, దత్తమండలములలో నూటికి 25 వంతులు తగ్గించవలెనని 1807లో మన్రోయే సూచించాడు. అట్లయితే అంతవరకు కట్టిన రైతు స్థితి ఏమిటి? చరిత్ర అంటే దొరలను పొగడుట కాదని ఈ ప్రశ్న నేర్పును.

శుక్రవారము: ఇంటి కాగితములు

పాత బడి సర్టిఫికెట్టు గాని, పొలము పత్రము గాని జిరాక్సు తీసి ఇవ్వండి. అసలు కాగితము పిల్లల చేతికి ఇవ్వవద్దు. అందులో ఊరి పేరు, జిల్లా పేరు చదవమనండి. హోసూరులో ఇల్లు కదలకుండానే తాత కాగితములో సేలము, తండ్రి కాగితములో ధర్మపురి, పిల్లవాని కాగితములో కృష్ణగిరి అని ఉండును. మన ఊళ్లలోనూ అంతే. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలో ఉండి, తరువాత చిత్తూరుకు, 2022లో అన్నమయ్య జిల్లాకు మారినది. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయినది.

ఆ రాత్రి అవ్వకో తాతకో ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగమనండి: మీరు ఏ బడిలో చదివారు? మీ చిన్నప్పుడు ఏమి పండించేవారు? మనవారు ఊరు ఎందుకు విడిచి వచ్చారు? జవాబులు పిల్లవాడే తెలుగులో వ్రాసుకొనవలెను.

శనివారము: వ్రాయుట, లెక్క తీయుట

1822లో మన్రో మద్రాసు గవర్నరుగా ఉండగా, జిల్లాకు ఎన్ని బడులు, ఎందరు పిల్లలు అని కలెక్టర్లందరిని లెక్క అడిగాడు. మన పిల్లలు కూడ తమ వీధిలోని తెలుగు ఇండ్లలో లెక్క తీయవలెను: తెలుగు మాట్లాడే పిల్లలెందరు? చదువగలవారెందరు? వ్రాయగలవారెందరు? ఆ మూడు అంకెలను మనమందరము చూడవలసియున్నది.

తరువాత ఒక్కొక్కరు పది వాక్యములు వ్రాసి నిలువబడి చదువవలెను. అదే పరీక్ష. మార్కులు వద్దు. ఆదివారము సెలవు.

మూడు రకముల పిల్లలు

తరగతిలో అందరూ సమానముగా ఉండరు. అక్షరములు రానివారు పాఠములో తమకు తెలిసిన అక్షరములకు సున్న చుట్టవలెను, శనివారము మూడు మాటలు వ్రాస్తే చాలును. కూడబలుక్కొని చదివేవారు రోజుకు నాలుగు వాక్యములు చదువవలెను. ధారాళముగా చదివేవారు చిన్నవారికి నేర్పవలెను. పాఠము మాత్రము అందరికీ ఒకటే. అప్పుడు ఎనిమిదవ తరగతి వాడు అక్షరాల పుస్తకము పట్టుకొని సిగ్గుపడవలసిన పని ఉండదు.

షిఫ్టు డ్యూటీ వలన తండ్రికి కుదరని రోజు తల్లి, తల్లికి కుదరని రోజు ప్రక్కింటివారు కూర్చొనవచ్చును. ఒక రోజు తప్పితే మరునాడు రెండింతలు చేయించవద్దు, అక్కడనుండే సాగించండి. రెండవ వారమునకు పాఠము మీరే వ్రాయవచ్చును. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారి గారిని గూర్చి గాని, మీ ఊరి చెరువును గూర్చి గాని పన్నెండు వాక్యములు వ్రాస్తే సరిపోవును.

మొదట చెప్పిన బాలుని సంగతి. వాని తల్లి ఆ ఉత్తరమును ఫోనులో ఫోటో తీయించి తెప్పించినది. వాడు రోజూ పాఠము అయిన తరువాత ఒక్కొక్క పంక్తి కూడబలుక్కొని, ఆదివారము అవ్వకు ఫోనులో చదివి వినిపించుచున్నాడు. ఇప్పటికి నాలుగు పంక్తులైనవి. ఇంక పద్నాలుగు ఉన్నవి. ఆదివారము సాయంకాలమైతే ఫోను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా అవ్వ దాని ప్రక్కనే కూర్చొనుచున్నదట.