రామేశ్వరం దారి: సెలవు మీద ఇంటికి పోయే సోదరులకు

 

ఈ శుక్రవారం రామేశ్వర యాత్ర గురించి చదువుకుందాం. మద్రాసులో బయలుదేరి సముద్రం పక్క రోడ్డు పట్టుకుంటే చిదంబరం, తిరుక్కడయూర్, రామేశ్వరం, తిరుచెందూరు, చివరకు కన్యాకుమారి. రెండేళ్లకు ఒకసారి సెలవు దొరికినవాడు అమ్మను, బాపును తీసుకొని పోవాలని కోరుకునే దారి ఇది. ఆ సెలవులోనే పెళ్లిళ్లు, చావు పలకరింపులు, అప్పుల లెక్కలు, ఇంటి స్లాబు పని. వాటి మధ్యలో ఎనిమిది రోజులు తీయాలంటే టికెట్ రాకముందే, క్యాంపులో మంచం మీద కూర్చొని అనుకోవాల్సిందే. ఊరికి పోయాక చూద్దాం అంటే జరగదు.

ముందు స్థలపురాణం వినండి. రావణుణ్ణి చంపిన బ్రహ్మహత్యా దోషం పోవడానికి రాముడు శివలింగం ప్రతిష్ఠించాలనుకున్నాడు. లింగం తెమ్మని హనుమంతుణ్ణి కైలాసానికి పంపాడు. ముహూర్తం దగ్గరపడింది, హనుమంతుడు రాలేదు. సీతమ్మ ఇసుకతో లింగం చేసింది. రాముడు దానికే పూజ చేశాడు. అదే రామలింగం. తర్వాత హనుమంతుడు వచ్చాడు. అంత దూరం పోయి, అంత కష్టపడి తెస్తే ఇక్కడ పని అయిపోయింది. ఆయన ఎంత నొచ్చుకున్నాడో మనకు ఒకరు చెప్పాల్నా? చెల్లె పెళ్లి ఫోన్‌లో చూసినవాళ్లం, తండ్రికి తమ్ముడు కొరివి పెడితే వీడియో కాల్‌లో దండం పెట్టినవాళ్లం మనలో ఎంతమందిమి ఉన్నాం! రాముడు ఆలస్యమైందని పక్కన పెట్టలేదు. హనుమంతుడు తెచ్చిన లింగాన్ని కూడా అక్కడే ప్రతిష్ఠించి, మొదటి పూజ దానికే జరగాలన్నాడు. ఆ విశ్వలింగానికే ఈ రోజు వరకూ ముందు పూజ, ఆ తర్వాతే రామలింగానికి. ఇన్నేళ్లు తీసుకుపోలేదు, ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని అడగాలి అని ఆగినవాళ్లు ఈ కథ మళ్లీ ఒకసారి చదవండి.

కానీ హనుమంతుడు తెచ్చింది ఒక్క లింగమే. మనవాళ్లేమో ఎనిమిది రోజుల్లో నలభై గుళ్లు అని ట్రావెల్స్ వాళ్లు ఇచ్చే కాగితం పట్టుకొస్తారు. అది అమ్మ మోకాళ్లకు శిక్ష. తమిళనాడులో చాలా గుళ్లు మధ్యాహ్నం 12, 1 మధ్య మూస్తారు, మళ్లీ 4 దాటాకే తలుపులు తీస్తారు. పొద్దున ఒక గుడి, సాయంత్రం ఒక గుడి, మధ్యలో అన్నం, నిద్ర. పెద్దవాళ్లతో ఇంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. ఎండలో గుడి బండలు కాలుతాయి, చెప్పులు లేకుండా నడవాలి.

చిదంబరంలో శివుడు ఆకాశ రూపం. తెర తీస్తే లోపల బంగారు బిల్వదళాలు వేలాడుతుంటాయి, ఇంకేమీ ఉండదు. ఇదేందిరా అని అమ్మ అడిగితే, కాళహస్తిలో వాయువు ఉన్నట్టే ఇక్కడ ఆకాశం అమ్మా అని చెప్పండి, చాలు.

అక్కడికి కొంత దూరంలో తిరుక్కడయూర్. మార్కండేయుడు లింగాన్ని కౌగిలించుకుంటే శివుడు యముణ్ణి తన్నిన చోటు ఇదేనని అక్కడి స్థలపురాణం. సిరిసిల్ల, జగిత్యాల వైపు మన పద్మశాలి సోదరులకు మార్కండేయుడు కులదైవం, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే తల్లిదండ్రుల షష్టిపూర్తి, భీమరథ శాంతి, సహస్ర చంద్ర దర్శనం చేయించడానికి జనం ఇక్కడికి వస్తారు. 60 ఏళ్లు నిండితే పుట్టిన సంవత్సరం పేరే తిరిగి వస్తుంది. 1966లో వచ్చిన పరాభవ మళ్లీ 2026లో వచ్చినట్టు. బాపు ఆధార్ మీద జనవరి 1 అని ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఆయన ఏ పండుగ ముందు పుట్టాడో మేనత్తను అడగండి, పంతులు నక్షత్రం లెక్క కడతారు. ఖర్చు గుడి ఆఫీసులో ముందే కనుక్కోండి, దారిలో బ్రోకర్లతో మాట్లాడొద్దు. దండలు మార్చేటప్పుడు అమ్మ సిగ్గుపడుతుంది, ఆ ఫోటో మర్చిపోవద్దు.

తిరుక్కడయూర్ నుంచి రామేశ్వరానికి పగలంతా ప్రయాణమే. ఆ రోజు ఇంకో గుడి కలపొద్దు. రామేశ్వరంలో ముందు అగ్నితీర్థం, అంటే సముద్రంలో స్నానం, తర్వాత గుడి లోపల 22 తీర్థాలు. బావి బావికీ తిరిగి బకెట్లతో నీళ్లు పోయించుకోవాలి. నేలంతా జారుతుంది, అమ్మ చెయ్యి వదలొద్దు. తడి బట్టలతో గర్భగుడికి పోనివ్వరు, పొడి జత వేరే పెట్టుకోండి. నడవలేనివాళ్లు సముద్రపు నీళ్లు తలమీద చల్లుకొని దర్శనానికి పోయినా తక్కువేమీ కాదని నా మాట. పాస్‌పోర్టు, అకామా రూములోనే ఉంచండి. తండ్రి పోయినప్పుడు రాలేకపోయిన సోదరులు అగ్నితీర్థం దగ్గర పిండప్రదానం చేయించుకోవచ్చు. దానికి ఒక పొద్దు మొత్తం ఉంచుకోండి, ఏడుపు కూడా వస్తుంది, తొందరపడొద్దు.

తిరుచెందూరులో సుబ్రహ్మణ్యస్వామి గుడి సముద్రం ఒడ్డునే. అక్కడా, కన్యాకుమారి అమ్మవారి గుడిలోనూ మగవాళ్లు చొక్కా తీసి వెళ్లాలి. బాపుకు పైన కండువా ఒకటి తెచ్చుకోమనండి.

సెలవు అడిగేటప్పుడు వీలైతే జనవరి, ఫిబ్రవరి అడగండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆ తీరంలో వానలు, తుపాన్లు. ధనుష్కోడి ఊరు 1964 డిసెంబర్‌లో అట్లనే కొట్టుకుపోయింది. బండి మన ఊరి నుంచి తీసుకుపోయేకంటే మద్రాసు దాకా రైల్లో పోయి అక్కడ మాట్లాడుకుంటే పెద్దవాళ్లకు నడుము నొప్పి తగ్గుతుంది. మన పసుపు ప్లేటు బండే అయితే పర్మిట్ టాక్స్, టోల్, డ్రైవర్ బత్తా ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. రిటర్న్ ఫ్లైటుకు నాలుగు రోజుల ముందు ఇల్లు చేరేట్టు చూసుకోండి. వచ్చే శుక్రవారం తిరుచెందూరు శూరసంహారం కథ చదువుకుందాం.