సమాధి కట్టించిన మనిషికే పాడే హక్కు లేదు

అంగళ్లు హాస్టల్‌లో అసైన్‌మెంట్ చేసుకుంటూ తిరువయ్యారు పంచరత్న కీర్తనల వీడియో పెట్టుకున్నా. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చుని పాడుతున్నారు. ఇందులో వింతేముంది అనుకున్నా. వింత ఉంది. దాని పేరు బెంగళూరు నాగరత్నమ్మ.

ఆమె 1878లో నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టారు. మద్రాసులో కచేరీలు చేసి బాగా సంపాదించారు. త్యాగరాజస్వామి సమాధి పాడుబడిపోతోందని తెలిసి, ఆ సంపాదనతోనే స్థలం కొని మందిరం కట్టించారు. 1925లో కుంభాభిషేకం అయింది. కానీ ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. కట్టించిన ఆమెతో సహా! ఆమె వాదిస్తూ కూర్చోలేదు. 1927లో ఆడవాళ్లతోనే విడిగా ఆరాధన మొదలుపెట్టారు. 1940 ప్రాంతంలో గానీ వర్గాలన్నీ కలవలేదు.

అంతకుముందే ఇంకో గొడవ. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం'లో పద్యాలు తీసేసి అచ్చేశారని చూసి, 1910లో పూర్తి పుస్తకం తెచ్చారు. ముద్దుపళనిని తిట్టిన వీరేశలింగం గారికి పీఠికలోనే జవాబిచ్చారు (మా టెక్స్ట్‌బుక్‌లో ఈ ముక్క లేదు). ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు గారు ఆ నిషేధం ఎత్తేశారు.

అమెరికాలో బ్లూస్ పాడిన బెస్సీ స్మిత్ 1937లో పోతే, 1970 దాకా సమాధి మీద రాయి కూడా లేదు. నాగరత్నమ్మ గారు 1952లో పోయారు. ఆమె సమాధి త్యాగరాజస్వామికి ఎదురుగానే ఉంది. మా అక్క పెళ్లయ్యాక పాట మానేసింది. ఆ వీడియో లింకు తనకి పంపాను.